ఆషర్ చేతులు మారిన ఆదివారం

ఆదివారం ఉదయం దేవానందం గారు మనవడు ఆషర్‌కు ఉగ్గు తినిపించి, మూతి తుడిచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. మనవడు ఆ చొక్కాకు మూతి మళ్లీ తుడుచుకున్నాడు. బొల్లారం నుంచి ముందురోజే వచ్చిన కూతురు దేవకృప చూసీ చూడనట్టు ఊరుకుంది. రేపటి నుంచి ఆమె మళ్లీ ఆఫీసుకు వెళ్లాలి. పగలంతా ఆషర్‌ను డేకేర్‌లో వదలాలా, అల్వాల్‌లో తాత దగ్గర ఉంచాలా అన్నది ఈ రోజే తేలాలి.

"నేను క్వయర్‌లో పాడుతూ ఉంటా నాన్నా. ఆరాధన అయ్యేదాకా వాడు నీ పూచీ. నువ్వొక్కడివే చూసుకోగలిగితే డేకేర్ వద్దని ఫోన్ చేసేస్తా."

"రిటైరయ్యేదాకా జువాలజీ చెప్పినవాణ్ణి. పిల్లల సంగతి నాకు చెప్తావా?"

"నువ్వు చెప్పింది కప్పల గురించి."

ఆయన మనవణ్ణి చంకనెత్తుకున్నారు. భార్య పోయాక ఆ ఇంట్లో కుక్కర్ కూత, టీవీ మోత తప్ప వేరే చప్పుడు లేదు. ఆషర్ వచ్చినప్పుడల్లా టీవీ పెట్టాలని ఆయనకు తోచేది కాదు.

చర్చిలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చుంటారు. పాట మొదలవగానే ఆషర్ ఏడుపు ముఖం పెట్టాడు. నడవకు అవతల కూర్చున్న లీలాకుమారి చేతులు చాచింది.

"ఇటివ్వండన్నయ్య గారూ, బంగారు కొండ!"

కాసేపే కదా అని ఇచ్చారు. అప్పుడే సంఘపెద్ద సైలస్ గారు ప్రార్థనకు లేచారు. దేశదేశాలనూ పేరుపేరునా తలుచుకుంటే గాని ఆయన ఆమెన్ అనరు. దేవానందం గారు కళ్లు తెరిచేసరికి లీలాకుమారి చేతుల్లో పాటల పుస్తకం ఉంది. కంగారుగా సైగ చేస్తే ఆమె గడ్డంతో వెనక్కి చూపించింది. వెనకనున్న హదస్సా ఇంకా వెనక్కి చూపించింది. ఆడవాళ్ల వైపు వెళ్లి వెతకడానికి వీల్లేదు. హదస్సాను ఇంకోసారి అడుగుదామని ఆయన చెయ్యెత్తారు.

"దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా..." అంటున్న పాస్టరు గారి ముఖం వెలిగిపోయింది. "దేవానందం గారూ! రండి, రండి!"

మైకు ముందుకు వెళ్లక తప్పలేదు. పక్కనే క్వయర్‌లో కూతురు. పిల్లాడు కనబడటం లేదని అంటే డేకేర్ ఖాయం.

"అందరికీ వందనాలు. ఈ రోజు... చంటిపిల్లల గురించి. తల్లులంతా ఒక్కసారి మీ పిల్లల్ని పైకెత్తి చూపిస్తారా?"

పిల్లలు లేచారు. వాళ్లలో ఆషర్ లేడు. ఆయనకు చెమట పట్టింది.

"పెద్ద నుదురు, పెద్ద కళ్లు, బూరెల్లాంటి బుగ్గలు. ఎందుకంటారు? నడవలేడు, అడగలేడు. ఎవరో ఒకరు ఎత్తుకోకపోతే బతకడు. అందుకని చూసినవాళ్లకు ఎత్తుకోబుద్ధయ్యే ముఖం వచ్చింది. ఆ ఏడుపూ అంతే, విన్నవాళ్లను కూర్చోనివ్వదు."

చెబుతూనే ఆయన ఆడవాళ్ల వరుసలన్నీ కళ్లతో వెతుకుతున్నారు. భార్య గుర్తొచ్చిందనుకుని ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. కొందరు ఆయన వెనక్కి చూస్తూ నవ్వుతున్నారు. ఆయనకు ఏమీ అర్థంకాలేదు.

"ఇది ఇవాళ్టిది కాదు. లక్షల ఏళ్లుగా..."

నాలుక కరుచుకున్నారు. సృష్టి అంతా ఆరు రోజుల్లోనే అయిందనే సైలస్ గారు లక్షల ఏళ్లన్న మాట వింటే ఊరుకోరు. వేదిక మీద, వెనక కుర్చీలోంచి ఆయన గొంతు వినిపించనే వినిపించింది.

"ష్! మెల్లగా చెప్పండి సార్. ఇప్పుడే పడుకున్నాడు."

దేవానందం గారు వెనక్కి తిరిగారు. పిల్లలు ఏడిస్తే వరండాలోకి తీసుకెళ్లమని ప్రతి వారం ప్రకటించే సైలస్ గారి భుజం మీద ఆషర్ నిద్రపోతున్నాడు. ప్రార్థన అయ్యాక వరండాలో ఏడుపు వినిపిస్తే మందలించడానికి వెళ్లి, ఎత్తుకుని వచ్చేశారట.

ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర దేవకృప నిలదీసింది. "బాబెక్కడని నేను అడిగి ఉంటే ఏం చెప్పేవాడివి?"

"ఇంకో సాక్ష్యం చెప్పేవాణ్ణి."

"నువ్వొక్కడివీ చూసుకోలేవు నాన్నా. డేకేరే నయం."

ఆ మాట లీలాకుమారి చెవిన పడింది. "డేకేరేంటమ్మా, మేం లేమా? సోమ, మంగళ నేనొస్తా అన్నయ్య గారింటికి."

"బుధ, గురువారాలు నావి," అంది హదస్సా.

"శుక్ర, శనివారాలు నాకివ్వండి," అన్నారు సైలస్ గారు.

"మీకా? వరండాలో కూర్చోబెడతారేమో!" అంది లీలాకుమారి.

సైలస్ గారు భుజం మీది పిల్లాణ్ణి ఇంకాస్త దగ్గరకు పొదువుకున్నారు. దేవకృప నవ్వుకుంటూ డేకేర్‌కు ఫోన్ చేసి వద్దని చెప్పేసింది.

తాతగారి వంతుకు ఆదివారం మిగిలింది. ఆ రోజు వాణ్ణి చర్చికి తీసుకురావాలి.