గూడు పట్టని ఫ్లెక్సీ

ఒక పెద్ద అడవిలో, జంతువులకు తిండికీ నీళ్ళకూ లోటు లేని రోజుల్లో, ఒక మ్యూజియం కూడా ఉండేది. రాజుగారి ముత్తాత జూలు, తాతగారి కోరలు, ఎప్పుడో మనుషులు పారేసుకున్న సైకిల్ గంట. గుహ మొత్తానికి అంతే సరుకు.

ఇంతలో పక్క అడవి మ్యూజియంలో ఆధునిక కళకు కొత్త విభాగం తెరిచారని కబురొచ్చింది. పొరుగింటి పుల్లకూర రుచి ఎక్కువంటారు, రాజులకైతే ఇంకాస్త ఎక్కువ. సింహరాజు వెంటనే గుహ పక్కన ఇంకో గుహ తవ్వించాడు. ప్రచారాధికారి గోరింకను పిలిపించాడు.

"ప్రారంభోత్సవం నాడు కొత్త గుహ కిక్కిరిసిపోవాలి. కిక్కిరిసిపోకపోతే నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు.

ఇప్పచెట్టులో గోరింక కాపురముంటున్న తొర్ర ఉద్యోగంతో వచ్చింది. ఉద్యోగం పోతే తొర్ర పోతుంది. అందులో ఇంకా రెక్కలు రాని పిల్లలున్నాయి.

కొత్త గుహలో ఉన్న కళాఖండం ఒక్కటే. గిజిగాడు అల్లిన గూడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ దానికి అడుగు లేదు.

"ఇందులో గుడ్డు పెడితే?" అని అడిగింది గోరింక.

"కిందపడుతుంది అక్కా."

"మరెందుకు తమ్ముడూ ఇది?"

"చూడ్డానికి" అన్నాడు గిజిగాడు. "దీని పేరు ఇల్లు."

గోరింకకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఉద్యోగం ఉద్యోగమే. ఆ అడవిలో ఫ్లెక్సీ అంటే మోదుగాకులు కలిపి కుట్టిన పెద్ద తెర. దాని మీద బొగ్గుతో, జాజుతో, సుద్దతో ఆ గూటినే నిండుగా వేసింది. కింద "ఒకసారి వచ్చి చూడండి" అని రాసి, కార్యదర్శి నక్క దగ్గరికి పట్టుకెళ్ళింది.

నక్క తెర చుట్టూ తిరిగి చూసింది. "బాగుందమ్మా. ఇంతకీ రాజుగారేరీ?"

"ఇది గూటి గురించి కదండీ..."

"గుహ ఎవరిది?"

గోరింక గూటిని కాస్త జరిపి రాజుగారి బొమ్మ వేసింది. మర్నాడు పులి కబురు పెట్టింది. తన మొహం రాజుగారి మొహమంత ఉండక్కర్లేదు, ఒక్క గోరంత తక్కువుంటే చాలట. తర్వాత మంత్రి తోడేలు, ఆ తర్వాత చిరుత, ఆ పక్కనే నక్క. చివరికి దుమ్ములగొండి కూడా వచ్చి కూర్చుంది. దానికి ఏ పదవి ఉందో ఎవరికీ తెలీదు గానీ, అది లేని ఫ్లెక్సీ మాత్రం ఆ అడవిలో లేదు.

"అందరూ నవ్వుతూ ఉండాలి. పళ్ళు కనబడేలా నవ్వితే ప్రజలకి ఆప్యాయంగా ఉంటుంది" అని సలహా ఇచ్చింది నక్క. మాట కూడా మార్పించింది. "సకుటుంబంగా విచ్చేయండి. ప్రవేశం ఉచితం."

గూడు జరిగి జరిగి కుడివైపు కింది మూలకు చేరింది. రేగుపండంత మిగిలింది.

నీళ్ళకు పోయే ప్రతి దారిలోనూ ఆ ఫ్లెక్సీలు కట్టారు. ఒక కుందేలు, పెళ్ళాంతో ఆగి చదివింది.

"సకుటుంబంగా అంటున్నారే! పిల్లల్ని కూడా తెమ్మంటున్నారు."

"లోపలికి పోవడం ఉచితం అన్నారు సరే, బయటికి రావడం గురించి ఏమన్నా రాశారా?" అంది పెళ్ళాం.

ఏమీ రాయలేదు. ఆ సాయంత్రమే కుందేళ్ళు మూటాముల్లే సర్దుకున్నాయి.

ప్రారంభోత్సవం నాడు రాజుగారు తీగ కొరికి గుహ తెరిచారు. చప్పట్లు కొట్టడానికి పురుగు కూడా లేదు. ఫ్లెక్సీలో ఉన్నవాళ్ళే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏమిటిది?" అని గర్జించాడు రాజు.

"ప్రభూ, ఆ పళ్ళు చూసి..." అని మొదలుపెట్టింది గోరింక.

"రాజుగారి పళ్ళకి వంక పెడుతున్నావా?" అంది నక్క. వెంటనే రాజు వైపు తిరిగింది. "ప్రచారం చాల్లేదు ప్రభూ. ఇంకా పెద్దవి కట్టించాలి."

కట్టించారు. ఈసారి ఒక్కో కోర ఏనుగు చెవంత వచ్చింది. జింకలు, దుప్పులు, అడవిపందులు ఏరు దాటి అవతలి గట్టుకు పోయాయి. దాంతో ఫ్లెక్సీలో నవ్విన వాళ్ళందరికీ తిండి కరువైంది. పులి గడ్డిపరక వాసన చూసి మొహం తిప్పుకుంది. ఆకలేస్తే ఎవరిదో ఒకరిది తప్పు అయి తీరాలి కదా. విచారణ సంఘం వేశారు. సభ్యులు పులి, తోడేలు, చిరుత, దుమ్ములగొండి.

ఆ మధ్యాహ్నం నక్క తొర్ర దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, తీర్పు రాసేశారు. రేపు గుహ ముందు చదువుతారు. ఫ్లెక్సీలో బొమ్మ ఉన్నవాళ్ళు ప్రచారానికి పాటుపడినట్టు, లేనివాళ్ళు సహకరించనట్టు. నీ బొమ్మ లేదుగా. ఇల్లు ఖాళీ చేసుకో."

గోరింక పిల్లల వంక చూసింది. ఇంకా ఈకలు సరిగ్గా మొలవలేదు, అయినా నోళ్ళు తెరిచి అరుస్తున్నాయి. కాళ్ళ కింద తొర్ర అడుగు ఊడిపోయినట్టు అనిపించింది. గిజిగాడి గూడు ఏం చెబుతోందో ఆమెకు అప్పుడు అర్థమైంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

ఏడుస్తూనే ముక్కున బొగ్గుముక్క కరుచుకుని గుహ ముందున్న ఫ్లెక్సీ దగ్గరికి ఎగిరింది. ఎక్కడ చూసినా జూలు, మీసాలు, కోరలు. వేలు పెట్టడానికి సందు లేదు. ఖాళీ చేయగలిగిన చోటు ఒక్కటే ఉంది. ఆ మూల గూటి మీద తన మొహం దిద్దడం మొదలుపెట్టింది.

"అక్కా, అది నా గూడు" అన్నాడు గిజిగాడు. ఎప్పుడొచ్చాడో, పక్క కొమ్మ మీదున్నాడు.

"తెలుసు తమ్ముడూ" అంది గోరింక, వెనక్కి తిరక్కుండా. "చాలా బాగా అల్లావు. నాకిప్పుడే అర్థమైంది."

బొగ్గు మాత్రం ఆపలేదు.

మర్నాడు సంఘం ఫ్లెక్సీని పైనుంచి కిందికి పరిశీలించింది. అందరూ ఉన్నారు. మ్యూజియం వాళ్ళలో లేనిది గిజిగాడొక్కడే. ప్రజల్ని బెదరగొట్టిన నేరం అతనిదేనని తేల్చి, అడవి దాటించారు. అడుగులేని గూటిని పీకి అవతల పారేశారు. ఆ చోట ఫ్లెక్సీనే వేలాడదీసి, ఆధునిక కళ అంటే ఇదీ అని రాజుగారు మెచ్చుకున్నారు. గోరింకకు ఉత్తమ ప్రచారకురాలని శాలువా కప్పారు.

పిల్లలకు రెక్కలొచ్చాయి. గోరింక రోజూ ఆ గుహకు పోతుంది, వచ్చినవాళ్ళకు చూపించడానికి. వచ్చేవాళ్ళు లేరనుకోండి. ఎవరైనా వచ్చినా, ఆ కుడివైపు మూల వంక మాత్రం ఆమె చూడలేకపోతుంది. సిగ్గేస్తుంది.

నీతి: తప్పు చేయకుండా ఉండడం కంటే ఫ్లెక్సీలో ఉండడం క్షేమం.