కనకమ్మ సున్నం రాళ్లు

ఆ ఆదివారం పొద్దున కనకమ్మ పెట్టుకున్న పని చిన్నదే. ఎప్పుడో ఇంటికి పూయగా మిగిలిన సున్నాన్ని చేలో రాళ్లకు పూయాలి. గోపన్‌పల్లిలో ఆమెకున్నది ఇరవై గుంటలు, అంటే అరెకరం. దాన్ని పన్నెండు మడులు చేసి, మడికొక రాయి పాతింది. చూపు మందగించింది కనుక రాయి తెల్లగా కనబడాలి. చదువు రాదు కనుక ఏ మడిలో ఏ విత్తనం పడిందో తెలియడానికి సున్నం మీద ఎర్ర జాజుతో చుక్కలు పెట్టింది. వంకాయకు ఒకటి, టమాటకు రెండు, అలా.

చుట్టుపక్కల వాళ్లంతా భూములమ్ముకుని మియాపూర్ వెళ్లిపోయాక ఆమె ఒట్టు పెట్టుకుంది. ఉప్పు, అగ్గిపెట్టె తప్ప కొట్లో ఏదీ కొనకూడదు, ఒకరి గడప తొక్కకూడదు. మూడేళ్లలో అన్నీ అమిరాయి. పాలకు బర్రె, గుడ్లకు కోళ్లు, నూనెకు నువ్వులు. మాటలకూ కోళ్లే దిక్కు. అవి సగం విని వెళ్లిపోయేవి.

మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడ లేచి, చుట్టూ భూముల ధరలు పెరిగిన ఏడాది అది. రోడ్డు పక్కన తెల్లరాయి కనబడితే చాలు, ఇళ్ల స్థలాలు అమ్ముతున్నారని జనం బండి ఆపేవారు. తొమ్మిదింటికి ఒక స్కూటర్ ఆగింది. దిగినవాడు నిజాంపేటలో కిరాయికుంటున్న గుమాస్తా సీతారామాంజనేయులు.

"నీళ్లు బాగుంటాయాండీ?"

"బావి నిండ ఉన్నయి బిడ్డా. ఎండకాలం సుత ఇంకయి."

"ఈ రెండు చుక్కలది తూర్పు వైపేనాండీ?"

"పొద్దుగాల్నే ఎండ పడ్తది. జర గట్టు మీద నడువు, మొలకలున్నయి."

తన సేద్యం చూడటానికి ఒక మనిషి వచ్చాడు! కనకమ్మ మజ్జిగ తెచ్చేలోగా అతను జేబురుమాలు తీసి, బస్సులో సీటు ఆపుకున్నట్టు ఆ రాయి మీద పరిచాడు. చెమట ఆరబెట్టుకుంటున్నాడనుకుంది ఆమె.

రుమాలును చూసి ఆటో ఆగింది. ఆటోను చూసి జీపు ఆగింది. గంటలో అన్ని రాళ్ల మీదా ఏదో ఒకటి పడింది. తువ్వాలు, టోపీ, టిఫిన్ డబ్బా, ఒంటి చెప్పు. ఒక రాయి కోసం ఇద్దరు కొట్టుకోబోతే, కూర్చోవడానికనుకుని కనకమ్మే సర్ది చెప్పి, ఇద్దరికీ దోసకాయ కోసి పెట్టింది. వచ్చినవాళ్లందరినీ ఊరు అడిగింది, పిల్లలెందరో అడిగింది. కుండలో మజ్జిగ అయిపోయింది, పందిరి మీద కాయలూ అయిపోయాయి. ఇంత మంచి మనిషి దగ్గర మోసం ఉండదని అందరికీ నమ్మకం కుదిరింది.

చివరికి జీపులోంచి దిగిన కడప బ్రోకరు చెన్నకేశవులు ముందుకొచ్చాడు.

"అమ్మా, లేఔట్ కాగితం యాడుంది? రేపే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం."

"కాగితమేంది? గివి కూరగాయల మడులు. నేను తినేటందుకు ఏసుకున్న. అమ్మేది లేదు."

"మరి ఈ చుక్కలేంది?"

"ఒకటి వంకాయ. రెండు టమాట. నువ్వు తొక్కుతున్నది కొత్తిమీర."

చెన్నకేశవులు గబుక్కున కాలు తీశాడు. "ఇంతసేపూ చెప్పలేదేమ్మా?"

"మీరు అడిగిన్రా? నీళ్లడిగిన్రు, ఎండ అడిగిన్రు. నా తోట గురించి గంత మంచిగ ఎవ్వరడిగిన్రు ఇన్నొద్దులు?"

ఎవరి తువ్వాలు వాళ్లు తీసుకున్నారు. సీతారామాంజనేయులు సిగ్గుతో రుమాలు కూడా మరిచి స్కూటరెక్కాడు.

సాయంత్రం కూరకు ఒక్క కాయ మిగల్లేదు. కోళ్లు గూటికి చేరాయి. వాటికి చెప్పడానికి ఆమె దగ్గర బోలెడుంది. అవి ఎప్పటిలాగే సగంలో వెళ్లిపోయాయి. కనకమ్మ రుమాలు ఉతికి, ఆరేసి, మళ్లీ తీసుకెళ్లి రెండు చుక్కల రాయి మీదే పరిచింది.

మర్నాడు కొట్టువాడు "ఉప్పా, అగ్గిపెట్టెనా అవ్వా?" అని అడిగితే, "రెండూ ఉన్నయి, ఐదు కిలోల సున్నం ఇయ్యి" అంది.