మూత గట్టిగా బిగించిన డ్రమ్ము

ఆ గురువారం పొద్దున షెడ్డు యజమాని హేమంత్‌కుమార్ వేసుకున్న పథకం వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తొమ్మిదింటికల్లా షెడ్డంతా కడిగించాలి. పదకొండింటికి పెద్ద మందుల కంపెనీ నుంచి వచ్చే ఆడిటర్‌కి చూపించాలి. ఒంటిగంటకి ఆవిడకి భోజనం పెట్టి పంపించి, సాయంత్రం అదే శుభ్రం మీద ఆయుధపూజ కానిచ్చెయ్యాలి. ఒక్క కడుగుడుతో దేవుడికీ ఆడిటర్‌కీ ఇద్దరికీ సరిపోతుంది. ఇంత తెలివి బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ మొత్తంలో ఇంకో షెడ్డువాడికి లేదని ఆయన నమ్మకం.

ఆ షెడ్డులో తయారయ్యేది కడుపుమంట పొడి. వంటసోడా, నిమ్మ ఉప్పు కలిపి పొట్లాలు కడతారు. గ్లాసు నీళ్ళలో వేస్తే బుస్సుమని పొంగుతుంది, తాగితే త్రేన్పు వచ్చి ప్రాణం కుదుటపడుతుంది. గ్లాసులో పొంగితే మందే. గదిలో పొంగితే ఏమవుతుందో చెప్పడానికి ఆరు నెలల కిందట అంబికని సేఫ్టీ ఆఫీసర్‌గా పెట్టుకున్నారు. ఆమె చెప్పేది విందామని పెట్టుకున్నారనుకుంటే పొరపాటు. అలాంటి మనిషి ఒకరుంటేనే ఆర్డరిస్తామని పెద్ద కంపెనీవాళ్ళు పట్టుబట్టారు.

ఊరి ఆ చివరనున్న అత్తిబెలె నుంచి రోజూ రెండు బస్సులూ ఒక మెట్రో మారి వచ్చే అంబిక మాత్రం ఆ ఉద్యోగాన్ని నిజమనే అనుకుంది. పొడికి నీళ్ళు తగలకూడదు, కింద పడితే పొడిబట్టతోనే ఎత్తాలి, దుమ్ము కళ్ళలో పడితే మండుతుంది గనక అద్దాలు పెట్టుకోవాలి, డబ్బాల మూతలు గట్టిగా బిగించాలి అంటూ ఇరవై సూత్రాలు రాసి గోడకి అంటించింది. నెలకోసారి విజిల్ ఊది అందరూ బయటికి రావాలంది. ఇద్దరు ముగ్గురు వచ్చి, టీ లేదని తెలుసుకుని వెనక్కి పోయేవారు.

బుధవారం సాయంత్రం హేమంత్‌కుమార్ ఆమెని పిలిచి తేల్చేశాడు.

"చూడమ్మా అంబికా, నీ ట్రయల్ రేపటితో అయిపోతుంది. ఆడిట్ పాసైతే పర్మనెంట్. ఫెయిలైతే నేనేం చేసేది, నువ్వే చెప్పు."

ఈ ఉద్యోగం కోసం ఆమె ఎలక్ట్రానిక్ సిటీలో, ఇంటికి దగ్గర్లో దొరికిన, కుర్చీలో కూర్చుని చేసే పని వదులుకుంది. ఆ సంగతి ఇంట్లో ఇంకా తెలియదు. తెలిస్తే వాళ్ళమ్మ నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

గురువారం ఆమెకి అప్పగించిన పని, మెట్రో స్టేషన్ దగ్గర నిలబడి ఆడిటర్‌ని ఆటోలో తీసుకురావడం.

"సార్, మిక్సింగ్ రూమ్‌లో నీళ్ళు మాత్రం..."

"చిక్కమునియప్ప ముప్పై ఏండ్ల నుంచి చూస్తుండాడు. నువ్వు పోయిరా."

ఫోర్‌మన్ చిక్కమునియప్ప ముప్పై ఏళ్ళు చూసిన మాట నిజమే. అయితే ఆయన చూసింది ఇనుము చెక్కే లేత్ మిషన్లని. లేత్ షాపులో ఆయుధపూజంటే పైపు పెట్టి నేల కడగడమే. కడగని మిషన్‌కి బొట్టు పెట్టడం ఆయన దృష్టిలో అపచారం. అంబిక అంటే ఆయనకి చాలా గౌరవం. ఆమె అంటించిన కాగితానిక్కూడా పసుపు రాసి, కుంకుమ పెట్టి, మూరెడు బంతిపూలు వేశాడు. చదవలేదంతే.

తర్వాత పొడి కలిపే మిక్సింగ్ రూమ్‌లో నాలుగు గుప్పెళ్ళ సబ్బుపొడి చల్లి పైపు విప్పాడు. మిషన్ కింద ఎప్పటిదో పొడి మేట వేసి ఉంది. మూలన రెండు చిరిగిన బస్తాలున్నాయి. నీళ్ళు తగిలీ తగలగానే గది బుస్సుమంది.

"అన్నా, ఇది పొంగతా ఉండాది," అంది ప్యాకింగ్‌లో పనిచేసే అంజినమ్మ.

"మంచి సబ్బు. పొంగనీ."

"మోకాళ్ళ దాకా వచ్చింది."

"ఇంకొంచెం నీళ్ళు కొడితే పోతాది."

పోలేదు. నీళ్ళు కొట్టేకొద్దీ నురగ లేచింది. హేమంత్‌కుమార్ వచ్చి తలుపు తీసేసరికి నురగే ఆయన్ని పలకరించింది.

"ఏందప్పా ఇది?"

"మురికి బయటికొస్తా ఉండాది సార్."

టైము పదీ నలభై. హేమంత్‌కుమార్‌కి కారణాలతో పని లేదు, ఆడిటర్ కంట పడకుంటే చాలు. తడిసిన పొడంతా పారలతో ఎత్తి మూడు నీలం డ్రమ్ముల్లో పొయ్యమన్నాడు. పోశారు. అంబిక ఆరు నెలలు గొంతు చించుకుని చెప్పిన ఇరవై సూత్రాల్లో వీళ్ళకి ఒక్కటే ఒక్కటి గుర్తుంది, మూతలు గట్టిగా బిగించాలని. బిగించారు. ఇనప రింగు వేసి, బోల్టు తిప్పి, ఆ అమ్మాయి మెచ్చుకుంటుందని సంబరపడ్డారు కూడా.

రెండు డ్రమ్ముల మూతలు పాతవి. సందుల్లోంచి ఈల వేసుకుంటూ గాలి వదిలాయి. మూడోది కొత్తది. దాని మూత పూరీలా ఉబ్బింది.

"సార్, ఇది ఊపిరి బిగబట్టింది," అన్నాడు చిక్కమునియప్ప.

"పైన ఏదన్నా బరువు పెట్టు."

షెడ్డులో చిక్కమునియప్ప కంటే బరువైనది ఆ క్షణాన కనబడలేదు. పూజకని కట్టుకున్న కొత్త తెల్ల పంచెతో ఆయనే ఎక్కి కూర్చున్నాడు. గేటు దగ్గర ఆటో ఆగింది.

ఆడిటర్ వరూధిని యాభై ఏళ్ళ మనిషి, నూలు చీర, చేతిలో చిన్న నోటుబుక్కు. లోపలికి వచ్చి ఒకసారి అంతా చూసింది.

"ఆయనెందుకండీ డ్రమ్ము మీద కూర్చున్నారు?"

"స్టోర్స్ చూసేది ఆయనే మేడమ్. సరుకు వదిలి కదలడు. అంత డెడికేషన్," అన్నాడు హేమంత్‌కుమార్.

డ్రమ్ము గుడగుడమంది.

"పొద్దున తిన్న ఇడ్లీ మేడమ్," అన్నాడు చిక్కమునియప్ప, వినయంగా.

వెనకే వచ్చిన అంబిక తడి నేల చూసింది, తలుపు కిందినుంచి పాకుతున్న నురగ చూసింది, పొట్ట ఉబ్బిన డ్రమ్ము చూసింది. సంగతంతా అర్థమైంది. ఇప్పుడు నోరు విప్పితే ఆడిట్ ఇక్కడే ముగుస్తుంది, దాంతోపాటే ఉద్యోగమూ. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

"మునియప్పన్నా, దిగు," అంది.

"కూర్చోమని సార్ చెప్పినారమ్మా."

"లేవమని నేను చెప్తుండా. లే."

"అంబికా, పర్మనెంట్..." అని హేమంత్‌కుమార్ చెవిలో గొణిగాడు.

"మీరూ బయటికి నడవండి సార్. మేడమ్, మీరు కూడా."

ఆ గొంతు అంతకు ముందెవరూ వినలేదు. విజిల్ ఊదింది, షట్టర్లు రెండూ పైకెత్తించింది, చిక్కమునియప్పని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. బయట చెట్టు కింద తలలు లెక్కపెడితే ఇరవై రెండే వచ్చాయి. ఇరవై మూడుండాలి. మిక్సింగ్ రూమ్ గడపలో అంజినమ్మ తల పట్టుకుని కూర్చుని ఉంది. ఆ పొంగులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నేలబారుగా పేరుకుంటుంది, కూర్చున్నవాళ్ళకే ముందు తగులుతుంది. అంబిక ఊపిరి బిగబట్టి వెళ్ళి, ఆమెని లేపి, భుజం మీద వేసుకుని గాలిలోకి తెచ్చింది.

అప్పుడు పేలింది. మూత ఎగిరి రేకుల కప్పుకి తగిలింది, నురగ గేటు దాకా చిమ్మింది. పక్క లేత్ షాపువాళ్ళు, వీళ్ళు పూజ ముగించి గుమ్మడికాయ కొట్టేశారనుకుని, వెనకబడిపోతామేమోనని తమదీ కొట్టేశారు.

చిక్కమునియప్ప తాను కూర్చున్న చోటు చూసి, తన పంచె చూసుకుని, నేల మీద చతికిలబడ్డాడు.

"మాక్ డ్రిల్ మేడమ్," అన్నాడు హేమంత్‌కుమార్, కనుబొమల మీది నురగ తుడుచుకుంటూ. "ముందే ప్లాన్ చేశాం."

వరూధిని అంబిక వైపు తిరిగింది. "అవునా అమ్మా?"

ఒక్క అవునుతో ఉద్యోగం దక్కుతుంది. అంబిక తల అడ్డంగా ఊపింది.

"కాదు మేడమ్. పొడిని నీళ్ళతో కడిగారు. తడిసినదాన్ని మూత బిగించి పెట్టారు. పొడి సరుకుకే మూత బిగించాలని నేను విడమరిచి చెప్పలేదు, అది నా తప్పు. గంట దాకా ఎవరూ లోపలికి పోకూడదు. అంజినమ్మని ముందు డాక్టర్‌కి చూపించాలి."

అంజినమ్మని అదే ఆటో ఎక్కించి పంపారు. వరూధిని నోటుబుక్కులో చాలాసేపు రాసింది.

"నలభై షెడ్లు తిరిగానండీ," అంది చివరికి. "అన్నిచోట్లా ఫైళ్ళు అద్దాల్లా ఉంటాయి. ప్రమాదం వస్తే ఆ ఫైళ్ళు ఎవరినీ భుజం మీద మోసుకురావు. ఈ గది బాగు చేయించండి, నెల తర్వాత మళ్ళీ వచ్చి చూస్తాను. ఆర్డర్ మీకే ఉంచమని రాస్తాను. ఒక్క షరతు. ఏ పనైనా ఆపే అధికారం ఈ అమ్మాయికి రాసివ్వాలి. మీరు చెప్పిన పనైనా సరే."

హేమంత్‌కుమార్ స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి, పర్మనెంట్ అన్న మాటతో సహా రాసి సంతకం చేశాడు. మధ్యాహ్నానికి అంజినమ్మ, ఏమీ కాలేదన్న డాక్టర్ మాటతో పాటు అందరికీ బొరుగులు కూడా పట్టుకొచ్చింది. చిక్కమునియప్ప అంబికకి రెండు చేతులెత్తి దండం పెట్టబోతే ఆమె పట్టుకుని ఆపింది. వాళ్ళమ్మకి ఫోన్ చేసి వదులుకున్న ఉద్యోగం సంగతీ, దక్కిన ఉద్యోగం సంగతీ ఒకే ఊపిరిలో చెప్పేసి, తిట్లు అయ్యేదాకా నవ్వుతూ వింది. ఆమెకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఇంత హడావుడికి హేమంత్‌కుమార్‌కి కడుపులో మంట పట్టుకుంది. సొంత సరుకులోంచి ఒక్క పొట్లం ఇమ్మన్నాడు. పరీక్ష అయ్యేదాకా షెడ్డులోంచి ఏ సరుకూ కదలదంది అంబిక, కాగితం చూపిస్తూ.

ఆయన రోడ్డు దాటి మెడికల్ షాపుకి వెళ్ళి, పోటీ కంపెనీ పొట్లం కొనుక్కుని, బాగా పనిచేస్తోందని ఒప్పుకున్నాడు.