హనీమూన్‌కు ముగ్గురు

హనీమూన్‌కి ఇద్దరే వెళ్లడం ఎంత అనాగరికం!

మీరే ఆలోచించండి. నిన్నమొన్నటిదాకా ముక్కూమొహం తెలియని ఇద్దర్ని తీసుకెళ్లి, చుట్టూ సముద్రమున్న దీవిలో దింపి, ‘ఇక మీ తిప్పలు మీరు పడండి’ అని వదిలేస్తామా? సైకిల్ నేర్చుకునేవాడి వెనకైనా సీటు పట్టుకుని ఒకరు పరిగెడతారే! సంసారం సైకిల్ కన్నా తేలికా? అందుకే కొత్తజంట వెంట ఒక ఫోటోగ్రాఫర్ని కూడా పంపే నేటి నాగరికతకు నేను రెండు చేతులూ ఎత్తి మొక్కుతున్నాను.

గాల్లోంచి మాట్లాడటం లేదు. సాక్ష్యం ఉంది. నాకు పళ్లు చూసే డాక్టరమ్మకు ఈమధ్యే పెళ్లయింది. నా దవడపన్ను పీకుతూ కథంతా ఆమే చెప్పింది. నోటినిండా దూది, సగం మొహం మొద్దు. జీవితంలో మొదటిసారి ఒకరి కథను అడ్డు తగలకుండా విన్నాను.

ఆమె భర్త లిఫ్టుల ఇంజనీరు. మంచివాడే, కానీ పెదవి విప్పడు. అయినా పగలంతా లిఫ్టుల్లో గడిపేవాడికి మాటలెక్కణ్నుంచి వస్తాయి? అందులో ఎక్కినవాళ్లంతా తలలు పైకెత్తి నిలబడేవాళ్లే కదా! ఎంత మొండివాళ్లచేతైనా నోరు తెరిపించే డాక్టరమ్మకు ఈయన మాత్రం కొరుకుడు పడలేదు.

ఈ సంగతి కనిపెట్టి ఆదుకున్నది ఆయన అక్కగారు.

“మావాడికి నోట్లో నాలుక లేదమ్మాయ్! అందుకే ఫోటోగ్రాఫర్ని కూడా పంపిస్తున్నా. ఎప్పుడేం చెయ్యాలో ఆయనే చెప్తాడు. ఫోటోలు చూసి నలుగురూ కుళ్లుకోవాలంతే!”

డాక్టరమ్మ వృత్తిరీత్యా ఆ నాలుక సంగతి నమ్మలేదు గానీ, కొత్తకోడలు కదా, తలూపింది.

దీవి బ్రహ్మాండంగా ఉంది. తెల్లటి ఇసుక, నీళ్లమీద గుంజలెత్తి కట్టిన చెక్క కాటేజీ, కిటికీ తీస్తే సముద్రం. ఫోటోగ్రాఫర్ ఇంకా బ్రహ్మాండంగా ఉన్నాడు. ఒంటినిండా జేబులున్న కోటు, కెరటాల్ని మించిన గొంతు.

“సార్, మేడమ్ చెయ్యి పట్టుకోండి. నడవండి. వెనక్కి చూడొద్దు. మేడమ్, సార్‌ని చూసి సిగ్గుపడండి. ఆ... మరీ ఎక్కువైంది, కాస్త తగ్గించండి!”

ఒకసారి పాపం సూర్యుడే సరిగ్గా ఉదయించలేదట. “ఇవాళ్టి సన్‌రైజ్ బాలేదు సార్, రేపు మళ్లీ తీద్దాం” అన్నాడు. మర్నాడు సూర్యుడు బుద్ధిగా ఉదయించాడు.

ఒకే కొబ్బరిబోండాంలో రెండు స్ట్రాలు వేసి మొగుడూపెళ్లాలిద్దరూ తాగే ఫోటో మీరు చూసే ఉంటారు. లోపల నీళ్లుండవు! బరువెక్కితే చేతులు వణికి ఫోటో చెడుతుందని ముందే ఒంపేస్తారు. ఇద్దరూ తన్మయత్వంతో గాలి పీల్చారు. ఇంత ఆరోగ్యకరమైన పానీయం ఇంకేముంది?

ఆ తర్వాత ఫోటోగ్రాఫర్ అసలు ఘట్టానికొచ్చాడు. “సార్, మేడమ్ చెవిలో ఏదైనా చెప్పండి!”

ఇంజనీరు ఆమె చెవి దగ్గరికి వంగి, ఫోటోగ్రాఫర్నే అడిగాడు. “ఏం చెప్పమంటారండీ?”

“ఏదో ఒకటి చెప్పండి.”

ఆయన కాసేపు తెగ ఆలోచించాడు. తర్వాత ఎంతో మృదువుగా అన్నాడు: “అగ్నిప్రమాదం జరిగినప్పుడు లిఫ్టు వాడరాదు.”

“సూపర్ సార్! మేడమ్, నవ్వండి!”

మేడమ్ నవ్వింది. ఆ ఫోటో చూసిన బంధువులంతా ‘ఏం చెప్పాడోగానీ, పిల్ల మొహం మతాబులా వెలిగిపోతోంది’ అన్నారట.

ఆ సాయంత్రం డాక్టరమ్మ కాటేజీ బయట ఒక్కతే కూర్చుంది. లోపల భర్త ఫోన్ చార్జర్ వైరును చుట్టి, విప్పి, మళ్లీ చుడుతున్నాడు. ‘ఒకరు చెప్తే తప్ప ఈ మనిషి నా చెయ్యి పట్టుకోడా? ఫోటోగ్రాఫర్ తన దారిన తాను పోయాక నా బతుకేంటి?’ అనిపించింది. ఏడుపొచ్చేసింది.

ఎందుకమ్మా ఏడుపు? ఫోటోగ్రాఫర్ని జీతమిచ్చి ఇంట్లోనే ఉంచేసుకుంటే తీరిపోయే సమస్య! కానీ ఈ సలహా ఇద్దామంటే నా నోట్లో దూది ఉంది.

మర్నాడు ఘోరం జరిగింది. మంచి ఫ్రేమ్ కోసం ఫోటోగ్రాఫర్ “అలాగే ఉండండి... అలాగే...” అంటూ వెనక్కి వెనక్కి నడిచి, రాళ్ల సందున ఒళ్లంతా నల్లటి ముళ్లతో నక్కి ఉన్న ఏదో సముద్రజీవి మీద కాలేశాడు. కెమెరా ఆకాశంలో, కేక పాతాళంలో! అరికాలినిండా ముళ్లు.

డాక్టరమ్మ అతన్ని ఇసుకలో కూలేసి, పట్టకారు తెప్పించి, ముళ్లు లాగడం మొదలెట్టింది. కదలకుండా కాలు పట్టుకోమని భర్తను పిలిచింది.

“మీ చేతులు వణకవేంటండీ?” అన్నాడు ఇంజనీరు. పెళ్లయ్యాక ఎవరూ అడక్కుండా ఆయనంతట ఆయన అన్న మొదటి మాట అదే.

“మీవి వణుకుతున్నాయేంటి?”

“నాకు రక్తం చూస్తే...” అంటూనే వెనక్కి విరుచుకు పడిపోయాడు.

ఫోటోగ్రాఫర్ అంత బాధలోనూ వృత్తిధర్మం మరవలేదు. “సార్, తల కొంచెం మేడమ్ వైపు...” అని మూలిగాడు.

కాలికి కట్టుతో ఆయన మంచమెక్కాడు. కొత్తదంపతులు అనాథలయ్యారు. ఏం చెయ్యాలో చెప్పే దిక్కులేక ఒడ్డున నడిచారు. చిన్నగా జల్లు మొదలైంది. చివరికి డాక్టరమ్మే ఆగిపోయింది.

“ఒకటి అడుగుతాను, చెప్పండి. ఆయన చెప్తేనే నా చెయ్యి పట్టుకుంటారా? మీ అంతట మీకు ఎప్పుడూ అనిపించలేదా?”

ఇంజనీరూ ఆగాడు.

“అనిపించిందండీ. మొదటిరోజు పొద్దున్నే అనిపించింది. చెయ్యి చాపబోతున్నా... ఇంతలో ‘సార్, చెయ్యి పట్టుకోండి’ అన్నాడాయన. పట్టుకుంటే ఆయన చెప్పినందుకే పట్టుకున్నట్టు ఉంటుంది. పట్టుకోకపోతే మీరేమనుకుంటారో! రోజూ ఇదే వరస. నేను అనుకునేలోపు ఆయన అనేస్తాడు. ఇక నాదంటూ ఏం మిగిలిందండీ?”

ఆయన నోటినుంచి ఒక్కసారే అన్ని మాటలు ఆమె వినడం అదే మొదటిసారి. గొంతులో ఉక్రోషం కూడా ఉంది. ఆమె మనసు చివుక్కుమంది.

“ఇప్పుడెవరూ చెప్పడం లేదుగా” అంది మెల్లగా.

ఆయన అరచెయ్యి చొక్కాకు తుడుచుకుని, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“చెమట పట్టేసింది మీ చేతికి.”

“వానండీ.”

“కాదు, చెమటే!”

ఇద్దరికీ నవ్వాగలేదు. ఎవరూ తగ్గించమనలేదు.

“ఇక ఈ ‘అండీ’ మానెయ్. నువ్వు అను.”

“సరే... నువ్వండీ” అన్నాడు.

తిరిగొచ్చాక అక్కగారు ఆల్బమ్ అటూ ఇటూ తిరగేసి బుగ్గలు నొక్కుకున్నారు. “చివర్రోజుల ఫోటోలు ఒక్కటీ లేవేంటమ్మాయ్?”

“ఆ రోజుల్లో చూడదగ్గదేమీ జరగలేదు వదినా” అంది డాక్టరమ్మ. పక్కన ఇంజనీరుకు ఉన్నట్టుండి పొలమారింది.

ఇంతకన్నా రుజువేం కావాలి? కాబట్టి పెద్దలారా, పిల్లల్ని హనీమూన్‌కి ఒంటరిగా పంపకండి. మంచి ఫోటోగ్రాఫర్ని తప్పకుండా వెంట పంపండి. వెనక్కి నడిచే అలవాటు ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. ఇక ట్రావెల్ ఏజెంట్లకు ఒక్క మనవి. స్పా ఉంది, స్విమ్మింగ్ పూల్ ఉంది అని ఊదరగొడతారు గానీ, ఏ దీవి ఒడ్డున ముళ్లెక్కువో ఒక్కరూ చెప్పరేం?