డ్రాఫ్ట్‌లో ఉన్న వకుళ

నమోదు కాని ఫైళ్ళు రోజుకింత చొప్పున మాయమవుతాయన్న నియమాన్ని మనుషులకు కూడా వర్తింపజేసిన రెండో వారంలో, చిరుధాన్యాల పరిశోధన కేంద్రం క్వార్టర్స్‌లో పురుషోత్తం పాదాల నుంచి మోకాళ్ళ దాకా కనిపించడం మానేశాడు. ఆయన ఇరవై ఆరేళ్ళలో నాలుగు వేల రాగి కంకుల కొలతలు నమోదు చేశాడు. తనను నమోదు చేసుకోవాలని తోచలేదు. భార్య వకుళ లుంగీ కింద చీపురు ఆడించి చూసింది. ఏమీ తగల్లేదు.

"ఊడవడానికి సుఖంగా ఉందండీ" అంది.

నడుము దాకా పోతే సెలవు పెట్టాలి కాబట్టి ఇద్దరూ డేటా విభాగానికి వెళ్ళారు. అక్కడ మౌస్ ఉండదు. నల్ల తెర మీద ఒకే వరుసలో ఆదేశం టైపు చేయాలి: పేరు, సేకరించిన తేదీ, ఎక్కడిది, ఇష్టాలు, వర్ణన. ఒక్క వివరం తప్పినా తెర ఒప్పుకోదు. సేకరించిన తేదీకి వకుళ పెళ్ళి తేదీ చెప్పింది. విభాగం చూసే మస్తాన్ ఎంటర్ నొక్కి తల గోక్కున్నాడు.

"కలవట్లేదమ్మా. ఆ తేదీన తీసుకున్న సారూ, ఈ సారూ ఒకటి కాదంటంది."

"పాతికేళ్ళుగా నేనూ అదే చెప్తున్నా."

"కొత్త వెర్షన్ అని కొట్టమంటారా?"

"కొట్టండి. పాతది పారేయకండి మరి. ఎప్పుడైనా చూసుకుంటాను."

పాతదాన్ని భద్రపరిచారు. చూడాలంటే అర్జీ పెట్టుకోవాలి. పురుషోత్తానికి కాళ్ళు తిరిగొచ్చాయి, చెప్పులతో సహా.

అప్పుడాయన భార్య చేయి చూశాడు. మణికట్టు తర్వాత ఏమీ లేదు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచే. పనికి అడ్డం రాలేదు, అందుకే చెప్పలేదు."

ఈ లెక్కన కొన్నాళ్ళకు ఆమె పూర్తిగా ఉండదు. పురుషోత్తం మస్తాన్‌ను లేపి తనే కూర్చున్నాడు. పరిశోధకులు పై బాణం మీట నొక్కుతారు. ముందు కొట్టిన ఆదేశం తిరిగొస్తుంది, నమూనా సంఖ్య మారిస్తే చాలు. నాలుగు వేల కంకులూ అలాగే నమోదయ్యాయి. ఆయన పై బాణం నొక్కి, తన పేరు తీసి వకుళ పేరు పెట్టాడు.

ఈ వివరాలు మరొకరివి, చెల్లవు, అంది తెర.

"నీకేం కూర ఇష్టం?" అని అడిగాడు.

"మీకిష్టమైందే వండుతున్నాగా, అదే రాయండి."

రాశాడు. చెల్లలేదు.

"పోనీ పెళ్ళికి ముందు?"

వకుళ ఆలోచించింది. నాన్నకు ఏమిష్టమో గుర్తొచ్చింది. తమ్ముడికి ఏమిష్టమో కూడా గుర్తొచ్చింది. మస్తాన్ టీ తెప్పించాడు. టీ చల్లారింది.

చివరికి ఆమెను డ్రాఫ్ట్‌గా దాచారు. పూర్తి కాని నమోదు మాయం కాదు, అలాగని ఎవరికీ కనిపించదు. పురుషోత్తం రోజూ సాయంత్రం వంటింటి వైపు తిరిగి ఒక్కో ప్రశ్న అడిగి, జవాబు జాగ్రత్తగా రాసుకుంటున్నాడు. ఇప్పటికి రెండు వివరాలు దొరికాయి. కాఫీ మాత్రం వేళకే వస్తోంది.