చిన్న బావగారి హాట్‌స్పాట్

మా కుటుంబం విదేశయాత్ర దిగ్విజయంగా ముగించుకుని వచ్చిందని అందరికీ సవినయంగా తెలియజేస్తున్నాను. ఫోటోలు ఇప్పటికే మీకు చేరాయి. అవి చేరడానికి కారణమైన మహనీయుడి గురించి మాత్రం ఎవరికీ తెలియదు, అందుకే ఈ నాలుగు ముక్కలు.

బయల్దేరే ముందు మా ఇంట్లో సభ జరిగింది. యాత్రికులం ఏడుగురం: అమ్మ, నాన్న, పెద్దక్క, పెద్ద బావగారు, చిన్నక్క, చిన్న బావగారు, నేను. పరాయి దేశంలో మన ఫోన్లు పనిచేయాలంటే విడిగా ప్లాన్ వేయించుకోవాలట. ఏడుగురికీ ఏడెందుకు, ఇంట్లో మనిషికొక పేపరు కొంటున్నామా, అందరం కలిసి ఒకటే చదవట్లేదా అన్నారు నాన్న. ఒక్కరు వేయించుకుని హాట్‌స్పాట్ పెడితే మిగతా ఆరుగురం ఆ ఫోన్ నుంచే వాడుకోవచ్చని తీర్మానమైంది. ఆ ఒక్కరు ఎవరన్న చర్చ రాలేదు. సామాన్లు మోయడం, క్యూలో నిలబడటం, ఇంటికి తాళం పడిందో లేదో వెనక్కి వెళ్ళి చూసి రావడం లాంటి పదవులన్నీ పెళ్ళయిన నాటి నుంచీ చిన్న బావగారివే. ఇదీ ఆయనకే దక్కింది.

ఆయన బడిలో డ్రాయింగు మాస్టారు. పెద్ద బావగారు ఇంజనీరు, కాబట్టి భోజనాల దగ్గర నాన్న పక్క కుర్చీ ఆయనది. చిన్న బావగారు ఎక్కడ కూర్చుంటారో నేనెప్పుడూ గమనించలేదు. ఈ పన్నెండేళ్ళలో నాన్న ఆయన్ని పిలవాల్సి వస్తే "ఇదిగో, నిన్నే" అనేవారు. ఇందులో అగౌరవమేమీ లేదు. మా ఇంటి పద్ధతి అది.

విమానం దిగగానే పద్ధతి మారింది. హోటల్లో ఇంటర్నెట్‌కు విడిగా కట్టాలన్నారు, మేం కట్టం. చిన్న బావగారి సిగ్నలేమో పదడుగులు దాటదు. అప్పటి నుంచి ఆరుగురం ఆయన్ని తేనెటీగల్లా అంటిపెట్టుకుని తిరిగాం. ఆయన ఎడమకు తిరిగితే ఊరంతా ఎడమవైపే ఉందనుకున్నాం. ఆయన స్నానానికి వెళ్తే తలుపు బయట కుర్చీలు వేసుకున్నాం. మ్యూజియంలో ఒక చిత్రం ముందు ఆయన ముప్పావుగంట నిలబడిపోతే, అందరం ఆ చిత్రానికి వీపులు పెట్టి, ఫోన్లు చూసుకుంటూ కళను ఆస్వాదించాం. అంతసేపు కదలని జనాన్ని అక్కడి కాపలావాడు ఎప్పుడూ చూసి ఉండడు.

మూడో రోజు పొద్దున ఫలహారాల దగ్గర నాన్న తన పక్క కుర్చీ మీద చెయ్యి వేసి, "అల్లుడుగారూ, ఇలా రండి" అన్నారు. అలవాటు కొద్దీ పెద్ద బావగారు లేచారు. "మీరు కాదండీ" అన్నారు నాన్న. ఆ తర్వాత చెంచా పట్టుకుని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చారు: "ఈ కుటుంబానికి వెన్నెముకంటూ ఉంటే అది మా చిన్నల్లుడు. మనిషంటే నలుగురినీ కలిపి ఉంచేవాడు. పెళ్ళిచూపుల్లోనే నేను పసిగట్టాను." రొట్టె కూడా నాన్నే వడ్డించారు. చిన్న బావగారు ఆ రోజు రెండు జోకులు వేశారు. అందరం నవ్వాం. రెండోది బాగుంది కూడా.

మర్నాడు చిన్నక్క నన్ను పక్కకు, అంటే పదడుగుల లోపలే, తీసుకెళ్ళింది. "రాత్రి ఆయన నిద్రపోలేదురా. 'మీ నాన్నగారు నన్ను రండి అన్నారు' అని పదిసార్లు చెప్పుకున్నారు. ఇంటికెళ్ళాక కూడా ఇలాగే ఉంటే నాకింకేమీ అక్కర్లేదు" అంది. నేను చూస్తున్న వీడియో మీద నుంచి కళ్ళు తిప్పకుండానే, ఉంటుందక్కా అని గట్టి హామీ ఇచ్చాను.

ఆరో రోజు మధ్యాహ్నం, పెట్టెలతో సహా ఇంకో హోటల్‌కు మారుతుండగా, నడివీధిలో అందరి ఫోన్లూ ఒక్కసారే ఆగిపోయాయి. చిన్న బావగారు తన ఫోన్ చూసుకుని, "ప్లాన్ అయిపోయినట్టుంది మామయ్యగారూ" అన్నారు.

నాన్న చాలా నిబ్బరం చూపారు. వాడకం చూసుకోవాలి కదా అని నాలుగుసార్లు మాత్రమే అన్నారు. పెద్దక్క గోరంతను కొండంత చేసే మనిషి కాదు, చిన్నక్కతో మాట్లాడటం మానేసింది, అంతే. ఎదురుగా ఒక కాఫీ హోటలుంది. కాఫీ తాగేవాళ్ళకు ఇంటర్నెట్ ఉచితమట. పావుగంటలో అందరం లోపలున్నాం. పాస్‌వర్డ్ వెయిటరు దగ్గరుంది కాబట్టి, "తిన్నావా బాబూ?" అని నాన్న అతన్ని మన భాషలోనే ఆప్యాయంగా అడిగారు. పక్క కుర్చీలోకి పెద్ద బావగారు వచ్చేశారు. "ఇదిగో, నిన్నే, బయట పెట్టెలున్నాయి, కాస్త చూస్తూ ఉండు" అన్నారు నాన్న. చిన్నక్క కాఫీ ముట్టలేదు.

నేను కూర్చున్న మూలకు సిగ్నలు సరిగా అందక, గుమ్మం దగ్గర బాగుంటుందేమోనని బయటికి వచ్చాను. చిన్న బావగారు ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నారు. "డేటా ఇంకా సగం ఉందోయ్" అన్నారు, నా మొహం చూడకుండా. "నేనే ఆపాను. అది లేకపోయినా ఆ కుర్చీ ఉంటుందేమో, ఊరికే చూద్దామని."

పన్నెండేళ్ళుగా ఆ మనిషికి మేం చేసిందంతా కళ్ళముందు తిరిగింది. నిజంగానే సిగ్గేసింది. పక్కన ఇంకో పెట్టె మీద కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి, లోపలివాళ్ళకు వినపడకుండా అడిగాను: "బావగారూ, నా ఒక్కడికీ ఆన్ చేస్తారా?"

చేశారు. అంత మంచి మనిషి మా ఇంట్లో ఇంకొకరు లేరని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను.