ఎత్తు ఎక్కిన బండి

ఆ ఆదివారం పొద్దున పరమేష్ పెట్టుకున్న పని చిన్నదే. భార్య సరళను వెనక ఎక్కించుకుని మేడ్చల్ నుంచి శామీర్‌పేటలో మరదలింటికి భోజనానికి పోవాలి. దారిలో వచ్చే ఎత్తును సరళ దిగకుండా ఎక్కించాలి. అలా ఎక్కించి తన స్కూటర్‌ను అమ్ముడుపోకుండా కాపాడుకోవాలి. చిక్కంతా ఆ ఎత్తుతోనే వచ్చింది.

స్కూటర్ పాతది, చిన్నది. గండిమైసమ్మ దగ్గరున్న మందుల గోదాముకు పరమేష్‌ను రోజూ సణుక్కుంటూనైనా మోసుకుపోయేది. ఇద్దరు కూచుంటే మాత్రం శామీర్‌పేట దారిలో ఎత్తు రాగానే దానికి దమ్ము పట్టేది. అక్కడ సరళ దిగి, చీర సర్దుకుని, నడిచి ఎత్తెక్కేది. పైన ఆగి ఉన్న బండిని మళ్లీ ఎక్కేది. పెళ్లయిన కొత్తలో మొదలైన ఈ ఆచారం ఏళ్ల తరబడి అట్లాగే సాగుతోంది. దిగమని ఆయన చెప్పడు, దిగానని ఆమె చెప్పదు.

"గీ బండి మీద కూసున్నదానికంటె దీని ఎనక నడిచిందే ఎక్కువ. ఇగ నాతోటి గాదు," అని మొన్నొకనాడు సరళ తేల్చి చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. చెల్లెలి మొగుడు దేవేందర్‌కు ఫోన్ చేసి బేరం కూడా కుదిర్చింది. కొనే మనిషి ఈ మధ్యాహ్నమే దేవేందర్ ఇంటికి వచ్చి బండి చూసుకుంటాడు.

పరమేష్‌కు ప్రాణం పోయినంత పనయింది. బతిమాలితే సరళ ఒక మెట్టు దిగింది. "సరే, ఎత్తు మీద నా కాలు కింద పడకుండ తీస్కపో. తీస్కపోతే అమ్ముడు లేదు. లేకుంటె గక్కడనే కొనేటోనికి బండి చావి ఇచ్చుడే."

ఇంకేముంది, పరమేష్ ముందురోజంతా సిద్దయ్య మెకానిక్ షాపు ముందే కాపలా కాశాడు. సిద్దయ్య కార్బరేటర్ విప్పి కడిగాడు, ప్లగ్ మార్చాడు, ఫిల్టర్ దులిపాడు, షాకబ్జర్లకు ఆయిల్ పెట్టాడు, లోపలి రోలర్లు తీసి కొంచెం తేలికవి వేశాడు.

"ఇగ ఎత్తు మీద మంచిగ గుంజుతది. గట్లని రేస్ బండి అనుకోకు సార్," అన్నాడు.

ఆ రెండో మాట పరమేష్ చెవికి ఎక్కనేలేదు.

ఆదివారం బండి నిజంగానే ముద్దుగా నడిచింది. సరళ తన సంచీని ముందు కొక్కేనికి తగిలించి, ఫోన్ అందులోనే వేసి, వెనక కూచుంది. పరమేష్ హెల్మెట్ బిగించాడు. ఎత్తు మొదట్లోకి రాగానే ఒక మేకల మంద రోడ్డుకు అడ్డంగా వచ్చింది. పరమేష్ బండి ఆపి కాలు కింద పెట్టాడు. ఎదురుగా ఎత్తు, ఆగిన బండి. సరళ మనసులో పందెం ఉందేమో గానీ కాళ్లలో లేదు. అవి వాటంతట అవే దిగిపోయాయి. ఆమె చీర సర్దుకుని పక్కకు జరిగింది. సీటు తేలికయినట్టు పరమేష్‌కు తెలిసింది. షాకబ్జర్లకు సిద్దయ్య ఆయిల్ పెట్టాడు కదా, అందుకే అనుకున్నాడు.

మేకలు పోయాయి. పరమేష్ రేజ్ ఇచ్చాడు. బండి బాణంలా ఎత్తెక్కింది. పైన ఎప్పుడూ ఆగే చోట ఆగాల్సిన పనేముంది? అదే ఊపులో అవతలికి దిగింది.

"చూసినవా? ఏమన్న గుంజుతాందా సరళా!" అని కేక పెట్టాడు.

జవాబు రాలేదు. ఓడిపోయింది కదా, మాట్లాడదులే అనుకున్నాడు. బండి గుణగణాలు ఒక్కొక్కటే వర్ణించాడు. అలక మానమన్నాడు. వచ్చే దసరాకు కొత్త సీటు కవర్ వేయిస్తానని మాట కూడా ఇచ్చాడు. ఇంత మంచిగా ఎదురు చెప్పకుండా సరళ తన మాట ఏనాడూ వినలేదని ఆయనకు మహా సంబరమయింది.

శామీర్‌పేటలో ఇంటి ముందు బండి ఆపాడు. మరదలు సుస్మిత బయటికి వచ్చింది.

"అక్క రాలేదా బావా?"

"గదేంది, ఎనక కూసున్నది గదా," అని తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

సుస్మిత వెంటనే అక్కకు ఫోన్ కలిపింది. అది బండికి వేలాడుతున్న సంచీలో మోగింది. అప్పుడే దేవేందర్ ఉరికి వచ్చాడు. ఆయన మంచివాడే, కానీ ఎవరి మాటా చివరిదాకా వినే అలవాటు లేదు.

"వదిన పడ్డదా? యాడ పడ్డది అన్నా?"

"పడ్డదో దిగిందో నాకేం తెల్సు? హెల్మెట్ పెట్టుకున్న..."

"హెల్మెట్ నువ్వు పెట్టుకున్నవ్, వదినకు లేదు! తలకే తగిలి ఉంటది!" అని దేవేందర్ నెత్తి కొట్టుకుని, వీధంతా వినబడేటట్టు నలుగురిని కేకేసి, భార్యను బైకు మీద ఎక్కించుకుని తిన్నగా దవాఖానకు పోయాడు. ఆయన వెంట రెండు ఆటోలు పోయాయి. ఏ ఆటోలో ఎవరున్నారో, ఎందుకున్నారో ఎవరికీ తెలియదు.

పరమేష్ వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. రోడ్డు రెండు పక్కలా వెతుక్కుంటూ పోతున్నాడు. బండి మాత్రం ఒకటే పరుగు. ఇంత బాధలోనూ "అబ్బ, ఏం పికప్!" అని మనసు ఒక్క క్షణం మురిసింది. ఆ క్షణానికే తన మీద తనకు అసహ్యం వేసింది. సరళ లేకపోతే ఈ బండి తనకెందుకు? దేవుడా, ఆమె దొరికితే చాలు, దీన్ని ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తానని మొక్కుకున్నాడు.

ఎత్తు దగ్గర మేకలు కాసే సోమయ్య తుమ్మచెట్టు కింద బీడీ తాగుతున్నాడు.

"తాతా, గిక్కడ ఒక ఆడమనిషి పడ్డదా?"

"ఎవలు పడలే. ఒకామె దిగింది. నువ్వు పోతాంటె ఆగు ఆగు అని మస్తు ఒర్రింది. గుట్ట మీదిదాక నడిచి చూసింది, నువ్వు లేవు. ఇగ తిట్టుడు మొదలువెట్టింది. నా మేకలు సుత బెదిరినయి. ఆటో ఎక్కి శామీర్‌పేటకే పోయిందయ్యా."

పరమేష్‌కు ప్రాణం లేచి వచ్చింది. బండి మళ్లీ తిప్పాడు.

అక్కడ శామీర్‌పేటలో ఆటో దిగిన సరళకు చెల్లెలి ఇంటికి తాళం కనిపించింది. ఎదురింటామె కొత్తగా వచ్చింది, ఈమెను ఎన్నడూ చూసినామె కాదు.

"సుస్మిత వాళ్ల అక్క బండి మీదికెళ్లి పడ్డదట చెల్లె. అందరు దవాఖానకు ఉరికిన్రు. బతుకుడు కష్టమేనట."

"అయ్యో!" అని సరళ గుండె పట్టుకుంది. సుస్మితకు తను తప్ప ఇంకో అక్క లేదని ఆమెకు గుర్తుకు రావడానికి కొంచెం సేపు పట్టింది.

పరమేష్ వచ్చేసరికి సరళ గేటు ముందే నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెను చూడగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బాగనే ఉన్నవా సరళా?"

"సచ్చిపోయిన్నట గదా! ఎదురింటామె చెప్పింది," అంది సరళ. అని, ఆయన మొహం చూసి కొంచెం మెత్తబడింది. "ఏడుస్తున్నవేందయ్యా? నేనే దిగిన. అలవాటు."

ఇంతలో దవాఖాన నుంచి అందరూ తిరిగొచ్చారు. వాళ్ల వెనకే, బైకు మీద వచ్చిన ఒక కుర్రాడు చెమటలు కక్కుతూ దిగాడు. బండి కొనడానికి వచ్చిన అన్వేష్.

"సార్, ఎత్తు కాడి నుంచి మీ ఎనకనే వస్తున్న. పట్టుకోలేకపోయిన. గీ బండి నాకు కావాలె. ఎంతైనా సరే."

పరమేష్ మొక్కు గుర్తు చేసుకుని, కళ్లు మూసుకుని, తాళం చెవి చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని సరళ మధ్యలోనే లాక్కుంది.

"అమ్ముడు లేదు. మాటంటె మాటే. దిగింది నేనే, బండి దింపలే. ఎత్తు ఎక్కింది గదా," అంది.

పరమేష్ తన చెవులను తనే నమ్మలేకపోయాడు. "నిజంగనేనా?"

"బండి మంచిగనే ఉన్నది. దాన్నెందుకు అమ్ముడు? గాని నేను నీ ఎనక కూసునేది లేదు. ముందట నేను కూసుంట. అప్పుడు నన్ను ఇడిశిపెట్టి ఎట్ల పోతవో చూస్త."

"నీకు బండొస్తదా?"

"పెండ్లికి ముందు అల్వాల్‌ల మా బాపు బండి నడిపింది ఎవరనుకున్నవ్? లైసెన్సు సుత ఉన్నది. నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

సాయంత్రం సరళ నడిపింది, పరమేష్ వెనక కూచుని సంచీ పట్టుకున్నాడు. మరుసటి వారానికే ఆమె, పోయిరావడానికి బండి లేక ఇన్నాళ్లూ వద్దనుకున్న కొలువులో, ఊరవతల బడిలో కుట్టుపని నేర్పడానికి చేరి రోజూ స్కూటర్ మీద పోసాగింది. పరమేష్ గండిమైసమ్మకు బస్సులో పోతున్నాడు. సర్వీసింగు మాత్రం ఇప్పటికీ ఆయనే చేయిస్తాడు.